పద్యం నుంచి మాటకు: సాంఘిక నాటికలోకి వచ్చిన ఒక పౌరాణిక నటుడి ఉదంతం

గుంటూరు, విజయవాడ ప్రాంతాల నాటక సమాజాలకు అభినయ శిక్షకుడిగా పనిచేసే నా దగ్గరికి ఒకే రకమైన విన్నపం మళ్లీ మళ్లీ వస్తుంటుంది. పౌరాణిక పద్య నాటకాల్లో పేరు తెచ్చుకున్న నటుడొకరిని, పరిషత్తు పోటీలకు సిద్ధమవుతున్న సాంఘిక నాటికలోకి తీసుకుంటారు. కొన్నాళ్లు రిహార్సల్స్ జరిగాక ఆయన నటన పాత్రను మించిపోతోందనీ, దాన్ని కాస్త తగ్గించిపెట్టాలనీ దర్శకుడు అడుగుతాడు. ఇక్కడ నమోదు చేస్తున్నది అటువంటి ఒక ఉదంతం. తగ్గించడమనే పనితో మొదలైన ఈ శిక్షణ, ఒక నటుడిలో భావం ఎక్కడ పుడుతుంది, ఏ దారిన బయటికి వస్తుంది అన్న ప్రశ్న దాకా వెళ్లింది. ఆ ప్రశ్నకు జవాబు వెదకకుండా మనం వాడే పద్ధతులు, అవి మాస్కోవైనా న్యూయార్క్‌వైనా మన సొంత శాస్త్రంలోనివైనా, నటుడికి మేలు చేయవని ఈ ఉదంతం నాకు స్పష్టంగా చూపింది. నటుడి అనుమతితోనే రాస్తున్నాను. సమాజం పేరు, నాటిక పేరు వదిలేశాను, ఆనవాలు పట్టించే వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

నటుడి వయసు యాభై దాటింది. ఏ నాటక విభాగంలోనూ చదువుకోలేదు. కుర్రతనంలోనే ఒక హార్మోనిస్టు దగ్గర పద్యాలు నేర్చుకుని, తిరునాళ్లలోను, శ్రీరామనవమి పందిళ్లలోను, శివరాత్రి జాగరణల్లోను రంగం మీదికి వచ్చారు. రాయబారం సీనులో కృష్ణుడిగా, హరిశ్చంద్ర కాటిసీనులో హరిశ్చంద్రుడిగా ఆయనకు మంచి పేరుంది. పద్యం ముగిశాక వన్స్‌మోర్ అని జనం కేక వేస్తే, అదే పద్యాన్ని మరో సంగతితో, అంటే మరో స్వర మలుపుతో, మళ్లీ పాడగల సత్తా ఉంది.

ఆయన నటనలో పెద్దవిగా కనిపించే లక్షణాలన్నీ ఆ రంగస్థల పరిస్థితుల్లోంచి పుట్టినవే. ఆరుబయట, పరదాల మధ్య, ఎదురుగా ఒకే మైకు ఉన్న వేదిక మీద వెనక వరసలకు వినిపించాలంటే ముఖం జనం వైపు ఉండక తప్పదు. దూరాన ఉన్నవాడికి ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలంటే చేయి భుజం ఎత్తుకు లేవాలి. వాక్యం చివరి అక్షరాన్ని నిలిపి ఉంచితే, పక్కన కూర్చున్న హార్మోనిస్టుకు శ్రుతి అందించడానికి, ఎదుటి నటుడికి తన మాట ఎత్తుకోవడానికి సూచన దొరుకుతుంది. దర్శకులు చెడు అలవాట్లని పేరు పెట్టే ఈ మూడింటిలో ఒక్కటీ ఉత్త అలవాటు కాదు, ప్రతిదానికీ ఒక ప్రయోజనముంది. తెలుగు నాటకంలోకి పద్యాన్ని, పాటను బలంగా తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) కాలం నుంచి తరతరాలుగా నటులు పరీక్షించి నిలుపుకున్న పద్ధతి ఇది. ఆ కుటుంబంలోంచే వచ్చిన బళ్లారి రాఘవ (1880–1946) ఇదే సంప్రదాయంలో నిలబడి, రాగాలాపనలో పద్యభావం మునిగిపోవడాన్ని వ్యతిరేకించి, మాటకు, పాత్ర మనసుకు ప్రాధాన్యమిచ్చారు. కాబట్టి పద్యానికీ వాస్తవికతకూ మధ్య ఉన్న ఈ పెనుగులాట మనకు బయటినుంచి వచ్చిపడిందేమీ కాదు. మన ఇంట్లోనే నూరేళ్లకు పైగా నడుస్తోంది. తరువాత నటుడితో మాట్లాడినప్పుడు ఈ సంగతి నాకు చాలా ఉపకరించింది.

ఇక నాటిక విషయం. గంటలోపు ముగిసే సాంఘిక నాటిక. తండ్రి మిర్చి రైతు. బతికుండగానే కొడుకు పేరున రాసిచ్చిన పొలాన్ని ఆ కొడుకు ఆయనకు చెప్పకుండా అమ్మేస్తాడు. తండ్రికి మాటలు తక్కువ. ఆయన చెప్పవలసిన ముఖ్యమైన సంభాషణ ఇది: "నీ పేరున రాసిచ్చిన పొలమేరా. అమ్మేముందు ఒక్క మాట చెప్పి ఉంటే, నేనే వచ్చి సాక్షి సంతకం పెట్టేవాణ్ణి." దర్శకుడు ముప్పై ఏళ్లవాడు, విశ్వవిద్యాలయంలో రంగస్థల కళలు చదివినవాడు. కొడుకు పాత్రధారి ఇంకా చిన్నవాడు, కెమెరా ముందు నటన నేర్పే తరగతులకు వెళ్లి వచ్చినవాడు.

సమస్య

దర్శకుడు చెప్పిన సమస్య ఒక్క మాటలో "ఓవర్‌యాక్షన్". రిహార్సల్స్ చూశాక నాకు రెండు వేర్వేరు స్థితులు కనిపించాయి. అలవాటు ప్రకారం నటించినప్పుడు ఆయన వాక్యం చివర సాగేది, కొడుకుతో మాట్లాడుతున్నా చూపు హాలు వైపే ఉండేది, తన వంతు వచ్చేదాకా ఎదుటివాడి మాటలు వినకుండా ఆఖరి పదం కోసం మాత్రమే ఎదురుచూసేవారు. "మామూలుగా మాట్లాడండి బాబాయ్ గారూ" అని దర్శకుడు ఆపగానే రెండో స్థితి వచ్చేది. గొంతు మంద్రంలోకి జారి మూడో వరసకు కూడా వినిపించేది కాదు. వెన్ను కుంగిపోయేది. చేతులకు పని తోచక పంచె అంచు పట్టుకునేవి. అంతవరకు తడుముకోని మనిషి సంభాషణ మరిచిపోయేవారు.

దర్శకుడికి మొదటి స్థితి సమస్యగా కనిపించింది. నా దృష్టిలో రెండోదే అసలు సమస్య. పెద్ద నటన అనేది పైపూత అయితే, దాన్ని తీసేశాక కింద మామూలు మనిషి కనబడాలి. విరామంలో టీ తాగుతూ ఇదే నటుడు తన చేను సంగతులు చెబుతుంటే వినేవాళ్లంతా పని మాని ఆయన చుట్టూ చేరేవారు. అంత సహజంగా మాట్లాడగల మనిషి వేదిక ఎక్కి సహజంగా ఉండబోతే ఏమీ మిగలడం లేదంటే, తీసేయమంటున్న వస్తువులోనే ఆయన ఏకాగ్రత, జ్ఞాపకశక్తి, శ్వాస అన్నీ ముడిపడి ఉన్నాయని అర్థం. ఆ ముడి ఎక్కడుందో తెలియకముందే ఏదీ తీయకూడదు.

మొదటి ప్రయత్నం: సొంత జ్ఞాపకం

నేను వెళ్లేసరికి దర్శకుడు అప్పటికే భావస్మృతి సాధన మొదలుపెట్టాడు. నటుడు తన జీవితంలో ఇలాంటి బాధ కలిగిన ఘట్టాన్ని, అప్పటి వాసనలు, వెలుతురు, చేతికి తగిలిన వస్తువులతో సహా గుర్తుచేసుకుని, ఆ ఊపులో సంభాషణ చెప్పాలి. దాన్ని వెంటనే ఆపకుండా కొన్నాళ్లు సాగనివ్వడానికి నాకు రెండు కారణాలున్నాయి. ఒకటి, దర్శకుడు, కొడుకు పాత్రధారి ఇద్దరూ ఆ పరిభాషలోనే ఆలోచిస్తున్నారు. రెండు, ఏ పద్ధతి అయినా ఎందుకు పనిచేయలేదో చూడటమే నటుడి గురించి ఎక్కువ చెబుతుంది.

నటుడు తన కుటుంబంలోని భూమి పంపకాల నాటి సంఘటన ఒకటి గుర్తుచేసుకున్నారు. నిజంగానే ఏడ్చారు. రిహార్సల్ గదిలో అందరూ కదిలిపోయారు. కానీ హాలు చివర కూర్చుని చూస్తే కనిపించింది ఏడుస్తున్న ఒక మనిషి మాత్రమే. కొడుకు తప్పును ఎత్తిచూపకుండానే, తన పరువు తాను నిలుపుకునే తండ్రి కనిపించలేదు. "సాక్షి సంతకం" అన్న మాట గొంతులోనే ఉండిపోయింది. మరుసటి రిహార్సల్‌లో అదే జ్ఞాపకం ఏ కదలికనూ తేలేదు. అప్పుడాయన అన్న మాట ఈ శిక్షణను మలుపు తిప్పింది: "నాకు ఏడుపొస్తే గొంతు పూడుకుపోతుందండీ. గొంతు పూడుకుపోతే కాటిసీనులో పద్యం ఏం పాడతాను? జనం ఏడవాలి గానీ నేనేడిస్తే ఎట్లా?"

ఫ్రెంచి తత్వవేత్త దిదెరో 1770లలో రాసి, ఆయన మరణానంతరం 1830లో అచ్చయిన గ్రంథంలోని వాదన సారాంశం ఇదే. ప్రేక్షకుణ్ణి కదిలించే నటుడు తాను చల్లగా, అదుపులో ఉంటాడని దిదెరో వాదించాడు. మన వైపు నాట్యశాస్త్ర వ్యాఖ్యాత అభినవగుప్తుడు రసాస్వాదాన్ని సహృదయుడిలోనే, అంటే ప్రేక్షకుడిలోనే ఉంచాడు, నటుడిలో కాదు. వృత్తి నటుల అనుభవాలను ప్రశ్నావళితో సేకరించిన డచ్చి పరిశోధకురాలు ఎలీ కొనేన్ నిర్ణయం కూడా ఈ దిశగానే ఉంది: వేదిక మీద నటులు అనుభవించేది చాలావరకు పాత్ర దుఃఖం కాదు, ప్రేక్షకుల ముందు ఒక కష్టమైన పనిని చేస్తున్నప్పుడు కలిగే ఉద్విగ్నత, ఏకాగ్రత, సవాలును ఎదుర్కొంటున్న ఉత్సాహం. ఈ మాటలు నటుడికి చదివి వినిపించలేదు, ఆ అవసరం లేదు. కానీ ఆయన అభ్యంతరం మొండితనం కాదని, సుదీర్ఘ అనుభవంలోంచి వచ్చిన వృత్తి జ్ఞానమని దర్శకుణ్ణి ఒప్పించడానికి ఇవి పనికొచ్చాయి.

దర్శకుడి ఎదురు ప్రశ్న న్యాయమైనదే: మరి భావస్మృతిని సాధనగా చెప్పిన రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తప్పా? తప్పు కాదు, సగమే మన చేతికి వచ్చింది. ఆయన ఒకే గ్రంథంగా తలపెట్టిన నటశిక్షణ ఇంగ్లీషులో రెండు పుస్తకాలై, మనసుకు సంబంధించిన భాగం 1936లోను, శరీరానికి, గొంతుకు సంబంధించిన భాగం 1949లోను వెలువడ్డాయి. ఆ పదమూడేళ్ల ఎడంలో చాలామంది పాఠకులకు ఆయన పద్ధతి అంటే లోపలి జ్ఞాపకాన్ని తవ్వడమే అన్న అభిప్రాయం స్థిరపడింది. జీన్ బెనెడెట్టి 2008లో ఆ రెండు భాగాలను మళ్లీ ఒక్కటిగా అనువదించారు. 1934లో పారిస్‌లో స్తానిస్లావ్‌స్కీని స్వయంగా కలిసిన అమెరికన్ నటి స్టెల్లా ఆడ్లర్, ఆయన అప్పటికే జ్ఞాపకం మీద కన్నా ఊహ మీద, పాత్ర చేసే పనుల మీద ఎక్కువ ఆధారపడుతున్నారని న్యూయార్క్ తిరిగి వెళ్లి చెప్పింది. అక్కడి నటశిక్షకుడు లీ స్ట్రాస్‌బర్గ్ ఆ మార్పును అంగీకరించక భావస్మృతినే నమ్ముకున్నారు. మన శిక్షణ శిబిరాల్లో, సినిమా నటన తరగతుల్లో స్తానిస్లావ్‌స్కీ పేరుతో తిరుగుతున్నది చాలాసార్లు స్ట్రాస్‌బర్గ్ బోధనే. రష్యన్ ఆధారాలను పరిశీలించిన షారన్ కార్నికీ మరో విషయం బయటపెట్టారు. మాస్కో స్టూడియో సాధనల్లో యోగం, శ్వాస, ప్రాణం అన్న భావన ముఖ్యమైన చోటునే ఆక్రమించాయి, సోవియట్ సెన్సారు కాలంలో అవి మరుగునపడ్డాయి. శ్వాస అన్న ఆ ఒక్క మాటను నేను గుర్తుపెట్టుకున్నాను. భావస్మృతి సాధన ఆపేశాం.

రెండో ప్రయత్నం: తీసివేత

తరువాత, సంజ్ఞలను కొంతకాలం పూర్తిగా ఆపిచూద్దామని దర్శకుడు ప్రతిపాదించాడు. చేతులు తొడల కింద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని, కొడుకు ముఖంలోకి మాత్రమే చూస్తూ మాట్లాడటం. ఇది చాలా చోట్ల ఫలించే సాధన, నేనూ ఇతరులతో వాడతాను. ఇక్కడ రెండో స్థితిని మరింత లోతు చేయడం తప్ప ఏమీ జరగలేదు, కొద్ది రోజుల్లోనే మానేశాం.

ఎందుకలా జరిగిందో ఆలోచించడానికి ఇటలీకి చెందిన నాటక దర్శకుడు యూజీనియో బార్బా పరిశోధన ఉపయోగపడుతుంది. 1979లో ఆయన స్థాపించిన అంతర్జాతీయ నాటక మానవశాస్త్ర పాఠశాలలో ఒడిస్సీ నర్తకి సంయుక్తా పాణిగ్రాహి వంటి ఆసియా కళాకారులు తొలి నుంచీ పాలుపంచుకున్నారు. వేర్వేరు సంప్రదాయాల నటులు నిలబడే తీరును, బరువు మార్చే తీరును పోల్చి, శిక్షణ పొందిన నటుడి శరీరం నిత్యజీవితపు శరీరం కన్నా భిన్నంగా శక్తిని వినియోగిస్తుందని, భావం మొదలు కాకముందే ఆ శక్తి ప్రేక్షకుడి దృష్టిని పట్టి నిలుపుతుందని బార్బా చెప్పారు. మా నటుడికి ఎత్తిన చేయి, నిలిపిన స్వరం అటువంటి శక్తికి ఆధారాలు. వాటిని తీసేస్తే మామూలు మనిషి మిగలడు, ఆధారం లేని నటుడు మిగులుతాడు.

అయితే బార్బాతో పాటు భారతీయ నాటక విమర్శకుడు రుస్తుం భరూచా విమర్శను కూడా చదవాలని నా అభిప్రాయం. 1990లో వెలువడిన తన గ్రంథంలో ఆయన బార్బా, అమెరికన్ దర్శకుడు షెక్నర్, బ్రిటిష్ దర్శకుడు పీటర్ బ్రూక్ వంటివారిని తీవ్రంగా ప్రశ్నించారు. 1985లో అవిన్యోన్‌లో తొమ్మిది గంటల పాటు ప్రదర్శించిన బ్రూక్ మహాభారతం సందర్భంగా ఆయన లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ పాతబడలేదు. ఒక కళను దాని జనం నుంచి, నమ్మకాల నుంచి, బతుకు తెరువు నుంచి విడదీసి మెలకువల మూటగా తీసుకుపోవచ్చా? ఈ కలయికలో ఎవరి షరతులు చెల్లుబాటవుతున్నాయి, ఎవరు మారుతున్నారు? మా రిహార్సల్ గదికి ఈ ప్రశ్న నేరుగా వర్తించింది. మారవలసినవాడు పౌరాణిక నటుడొక్కడే అని అందరం మాట్లాడుకోకుండానే ఒప్పేసుకున్నాం. కొడుకు పాత్రధారి మాటలు పెదవి దాటడం లేదని, అతను చెప్పే ఆఖరి పదం తండ్రికి వినబడితేనే కదా ఆయన వినగలిగేదని అప్పటిదాకా ఎవరూ అనలేదు.

మూడో ప్రయత్నం: రసాల గడులు

రిచర్డ్ షెక్నర్ భరతుడి నాట్యశాస్త్రం ఆధారంగా రూపొందించిన ఒక సాధన ఉంది. నేల మీద తొమ్మిది గడులు గీసి, చుట్టూ ఎనిమిది రసాలను, నడిమి గడిలో శాంతాన్ని ఉంచుతారు. నటుడు గడి మారిన క్షణంలో దేహం, ముఖం, శ్వాస మారాలి. నటబృందం మొత్తంతో చేయించాను. కుర్రవాళ్లకు బాగా నచ్చింది. పెద్దాయన ముఖం మాత్రం ప్రతి గడిలోనూ తెలిసిన ముద్రలోకి వెళ్లిపోయింది. పైగా ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగారు: కాటిసీనులో హరిశ్చంద్రుడి దుఃఖంలో సత్యం తప్పనన్న పట్టుదల కలిసే ఉంటుంది కదా, దాన్ని ఏ గడిలో నిలబడి చేయాలి? నిజమే. నిలిచి ఉండే ఎనిమిది స్థాయిభావాల పక్కన వచ్చిపోయే ముప్పై మూడు వ్యభిచారి భావాలను, కన్నీరు, గగుర్పాటు వంటి ఎనిమిది సాత్త్విక భావాలను భరతుడు చెప్పింది ఈ కలగలుపు కోసమే. తండ్రి సంభాషణలో శోకం, అభిమానం, కొడుకు మీద ఇంకా మిగిలిన ప్రేమ ఒకే ఊపిరిలో రావాలి.

అయినా ఆ సాధన వృథా కాలేదు. ఆయన గడి మారేటప్పుడు ముఖం కన్నా ముందు ఊపిరి మారడం, ప్రతి భావానికీ ఊపిరి తీసుకునే చోటు, వదిలే వేగం వేరుగా ఉండటం చూశాను. ముఖం ముద్రలోకి వెళ్లినా ఊపిరి మాత్రం ప్రతిసారీ కొత్తగా, నిజంగా ఉంది. నేను వెదుకుతున్న ముడి అదే. చిన్ననాటి నుంచి ఆయన భావాన్ని నేర్చుకున్నది కథలోంచి కాదు, పద్యాన్ని ఎక్కడ విరవాలి, ఎక్కడ ఊపిరి పట్టాలి అన్న శిక్షణలోంచి.

ఫలించిన దారి

దాంతో నిర్ణయం తలకిందులైంది. రాగాన్ని తీసేయడానికి బదులు, వచన సంభాషణనే రాగంలో పెట్టమని అడిగాను. హార్మోనిస్టును పిలిపించాం. నేను హిందోళం సూచిస్తే నటుడు వద్దని శుభపంతువరాళి ఎంచుకున్నారు. తండ్రి కోపం చూపించడు గానీ ఆ బాధకు ఒక ఎండిన గుణం ఉంటుందని ఆయన ఇచ్చిన కారణం. పాత్ర గురించి అంతవరకు ఎవరం అంత సూటిగా మాట్లాడలేదు. భావస్మృతితో రాబట్టలేకపోయిన పాత్ర విశ్లేషణ రాగం ఎంపికలో బయటికి వచ్చింది.

ఆయన సంభాషణను పాడారు. "పొలమేరా" దగ్గర నిలిపి, "అమ్మేముందు" తరువాత ఊపిరి తీసుకుని, "ఒక్క మాట" దగ్గర గొంతును క్షణం పాటు చిట్లించి, వెంటనే శ్రుతిలోకి వచ్చి, "సాక్షి సంతకం" అన్నదాన్ని ఒక్క బిగిలో పూర్తిచేశారు. ఆ చిట్లడం శాస్త్రం సాత్త్విక భావాల్లో చెప్పిన స్వరభేదమే. మనసు ఏకాగ్రమైతేనే సాత్త్వికం పుడుతుందని, చెదిరిన మనసుతో కన్నీరు, గగుర్పాటు వంటివి సాధ్యం కావని నాట్యశాస్త్రం ఏడో అధ్యాయం చెబుతుంది. ఈ నటుడికి ఆ ఏకాగ్రత శ్రుతి మీద నిలిపిన చెవిలో ఉంది. గొంతు పూడుకుపోవడం ప్రమాదవశాత్తు జరిగేది. గొంతును చిట్లించి మళ్లీ శ్రుతికి చేర్చడం ఆయన చేతిలోని విద్య.

ఊపిరి చోట్లను కాగితం మీద గుర్తు పెట్టాం. తరువాత మెట్టు మెట్టుగా దిగాం. మొదట ఆలాపన లేకుండా రాగంలో చదవడం, తరువాత హార్మోనియం శ్రుతి మీద వచనంగా చెప్పడం, ఆ తరువాత హార్మోనియం ఆపేసి అదే శ్రుతిని మనసులో ఉంచుకుని మాట్లాడటం. ఏ మెట్టులోనూ ఊపిరి చోట్లు మారకూడదన్నదే నియమం. సహజంగా మాట్లాడబోయినప్పుడు ఆయన గొంతు వినబడకపోవడానికి కారణం కూడా ఇక్కడే తెలిసింది. సహజం అనగానే ఆయన తన శ్రుతిని వదిలేసి అలవాటు లేని కింది స్థాయికి వెళ్తున్నారు. శ్రుతి నిలబెట్టుకుని, స్వరాల మధ్య ప్రయాణాన్ని మాత్రం కుదించుకున్నప్పుడు, తగ్గిన గొంతు కూడా హాలు చివరికి చేరింది.

సంజ్ఞల విషయంలో "తగ్గించండి" అనే మాట మేం పూర్తిగా మానేశాం. దాని బదులు జపాను నో నాటకాచార్యుడు జెయామి 1424లో చెప్పిన సూత్రాన్ని వాడాను: మనసును పది పాళ్లు కదిలించు, ఒంటిని ఏడు పాళ్లు కదిలించు. తగ్గించమంటే ఆయన మనసును కూడా తగ్గించేసుకునేవారు. పాళ్ల లెక్క చెబితే, చేయి ఎక్కడిదాకా లేవాలనుకుందో ఆ కోరిక మొత్తం ఉండి, చేయి మాత్రం మోచేతి ఎత్తులో ఆగింది. ఆగిన చేతిలో మిగిలిపోయిన బలమే ప్రేక్షకుడికి అభిమానంగా కనబడింది. తొమ్మిది పాళ్లతో మొదలుపెట్టి నిదానంగా దిగాం, ఏ రోజూ ఏకంగా ఏడుకు పోలేదు.

చూపు హాలు వైపు పోవడాన్ని ఆజ్ఞతో కాక పనితో సరిచేయాలనుకున్నాం. స్తానిస్లావ్‌స్కీ ఆఖరి ఏళ్ల బోధనలో భౌతిక చర్యకు ఉన్న స్థానం ఇక్కడ గుర్తుకు తెచ్చుకున్నాం. తండ్రిని కళ్లంలో కూర్చోబెట్టి, మిర్చి కుప్పలోంచి తాలు కాయలు ఏరే పని ఇచ్చాం. "యతో హస్తస్తతో దృష్టిః" అని నృత్యాభినయ గ్రంథం అభినయ దర్పణం చెప్పినట్టు, చేయి ఎక్కడ ఉంటే చూపు అక్కడికి పోవడం ఆయనకు ఒంటబట్టిన విద్య. చేయి నేల మీది కాయల్లో ఉంటే చూపు దానంతటదే కిందికి దిగింది. "సాక్షి సంతకం" దగ్గర ఒక తాలు కాయ చేతిలో ఆగిపోయి, చూపు మొదటిసారి కొడుకు వైపు లేచింది. ఆ క్షణం దర్శకుడు చెప్పి చేయించింది కాదు. నిజం మిర్చి ఘాటు గొంతుకు హాని కాబట్టి ఎర్ర గుడ్డ ముక్కలతో కాయలు కుట్టించాం. ఎండుకాయల గలగల లేకపోతే ఆయన చేతికి లయ కుదరలేదని అడుగున ఎండిన చిక్కుడుకాయలు పోశాం. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, చెవితో పనిచేసే నటుడికి రంగసామగ్రి శబ్దం కూడా ఒక శ్రుతే.

వినడం అన్న సమస్య మిగిలింది. దానికి మందు కొడుకు పాత్రధారి దగ్గర ఉంది. అతనికి ఒక పద్యం నేర్పమని పెద్దాయననే అడిగాను. ఇందులో మర్యాదకు చేసిన పని ఏమీ లేదు. యువనటుడికి గొంతు నిలవాలి, అర్థమయ్యేలా పదాన్ని విరవడం రావాలి. పెద్దాయనకు ఎదుటివాడి ఊపిరిని కనిపెట్టే అవసరం కలగాలి. గురువు శిష్యుడి ఊపిరిని వినకుండా పద్యం నేర్పలేడు. ఆ పాఠాలు సాగుతుండగా రిహార్సల్స్‌లో ఇద్దరి మధ్య దూరం తగ్గింది. తండ్రి కొడుకు మాట వినడం మొదలుపెట్టారు, కొడుకు మాట వినదగినదిగా మారింది.

ప్రదర్శనలు, మిగిలిపోయినవి

మొదటి ప్రదర్శన గుంటూరులో జరిగింది. ముఖ్య సంభాషణ దగ్గర చప్పట్లు వచ్చాయి. ఆయన దేహం అలవాటు కొద్దీ వన్స్‌మోర్‌కు సిద్ధమైనట్టు ఒక్క క్షణం బిగుసుకోవడం నాకు కనిపించింది. చేతిలోని కాయ వైపు చూపు దించుకుని సన్నివేశంలోకి తిరిగి వచ్చారు. పరిషత్తు ప్రదర్శనలో వేదిక ముందు మైకులు కింద అమర్చి ఉన్నాయి. మైకు కనబడగానే రెండు వాక్యాలు పాత పద్ధతిలో వెళ్లాయి. అప్పటినుంచి ప్రతి వేదిక మీద ప్రదర్శనకు ముందే మైకులు ఎక్కడున్నాయో ఆయనకు చూపించి, కూర్చునే చోటు నుంచి వాటి దూరం ఆయన చేతనే నడిపించి చూసుకుంటున్నాం.

అలసట ఉన్న రోజు చివరి అక్షరం ఇప్పటికీ సాగుతుంది. దాన్ని నేను పెద్దగా పట్టించుకోవడం లేదు. కోడలితో ఉన్న సన్నివేశం మాత్రం బలహీనంగానే ఉండిపోయింది, దానికి కారణం నటుడొక్కడే కాదు. ఆ సన్నివేశంలో తండ్రి మాట్లాడడు, వింటాడు అంతే. మాట లేనిచోట ఊపిరి చోట్లు గుర్తు పెట్టడానికి మా దగ్గర ఆధారం లేకపోయింది. ఇందుకు కూచిపూడి కళాకారుల నుంచి సాయం తీసుకోవాలని ఉంది. కూచిపూడి సంప్రదాయంలో పాత్రధారి తానే పలుకుతాడు, ఆడతాడు, ఎదుటి పాత్ర మాటను వింటూ అభినయం నిలబెడతాడు. మాటకూ మౌనానికీ ఒకే దేహం బాధ్యత వహించే ఆ పద్ధతి మా నటుడికి దగ్గరిదేనని అనుకుంటున్నాను.

ఈ ఉదంతం తరువాత నా పనితీరులో ఒక మార్పు చేసుకున్నాను. వేరే సంప్రదాయం నుంచి వచ్చిన నటుడు ఎవరైనా సరే, కొత్త నాటిక ప్రతి చేతికివ్వకముందే ఆయనకు బాగా వచ్చిన భాగాన్ని పూర్తిగా ప్రదర్శించమని అడుగుతాను. పద్య నటుడైతే పద్యం, బుర్రకథకుడైతే కథలో ఒక ఘట్టం. చూస్తూ మూడు విషయాలు రాసుకుంటాను: ముందుగా కదిలేది ఊపిరా, చూపా, పాదమా. తన పనిని తాను సరిచూసుకునేది చెవితోనా, కంటితోనా, ఎదుటి మనిషి స్పందనతోనా. భావం వచ్చినప్పుడు ఆయనకు ప్రమాదంగా తోచేది ఏది. ఈ నటుడి విషయంలో మూడో ప్రశ్నను మొదటి రోజే అడగగలిగి ఉంటే, జవాబు అప్పుడే ఆయన నోటి నుంచి వచ్చేది.

ఇంకో పరిణామాన్ని కూడా నమోదు చేయాలి. నాటిక పోటీలు ముగిశాక ఆయన మళ్లీ పద్య నాటకాలకు వెళ్లారు. కాటిసీనులో ఒక పద్యానికి ముందున్న ఆలాపనను ఆయనంతట ఆయనే సగానికి తగ్గించారు. తనకు వాయించడానికి చోటు లేకుండా పోతోందని హార్మోనిస్టు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరంలో బలముంది, ఎందుకంటే పద్య నాటకంలో హార్మోనియం పాత్రధారులతో సమానంగా భావాన్ని మోస్తుంది. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుని, ఆ పద్యం వరకు ఆలాపన తగ్గించి, పద్యం ముగిశాక హార్మోనియానికి ఆ సమయం ఇచ్చే ఏర్పాటు చేసుకున్నారు. ప్రస్తుతం ఆ పద్ధతిలోనే ఆడుతున్నారు.